ముందుగా కుట్టిన అంగీ

నా చిన్నప్పుడు, హాలియాలో అమ్మవాళ్లు బట్టలు కుట్టే షెడ్డులో, కొత్త అంగీ తొడుక్కుని నోరు పెగలక నిలబడిపోయాను. ఆ క్షణం ఎంత భయపడ్డానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

తెలంగాణ వచ్చిన కొత్త రోజులు అవి. మా అమ్మ, ఆమె మహిళా సంఘంలోని ఆడవాళ్లు కలిసి మా బడి పిల్లలకు యూనిఫాంలు కుట్టేవారు. బట్ట సరిగ్గా సరిపోయేంతే వచ్చేది. పాడైతే మళ్లీ ఇవ్వరు. బడి తెరిచేనాటికి అంగీలు అందకపోతే పని ఇంకో సంఘానికి పోతుంది, అమ్మ మళ్లీ నాట్లకు పోవాలి.

అంతకుముందు కత్తెరతో కొన్నికొన్నే కోసేవారు. ఆ ఏడు కోత మిషన్ కిరాయికి తెచ్చారు. బల్లమీద బట్టను వరస మీద వరసగా పరిచి, పైన కొలత అట్టలు పెట్టి సుద్దతో గీశారు. మిషన్ ఒక్కసారి నడిస్తే వరసలన్నీ తెగుతాయి.

మా పక్కింటి పెద్దమ్మ మాత్రం ముందు ఒక్కటి కుట్టి చూడాల్సిందేనని పట్టుబట్టింది.

"అంగీకి గూడ పెండ్లిచూపులేంది పెద్దక్కా?" అని ఒకామె నవ్వింది.

"చూపులల్ల ఒద్దనుకుంటె ఒక్కదానితోని పోతది. పెండ్లయినంక ఏం జేస్తవే?"

"జర జల్ది కానియ్యక్కా, పొద్దుగూకితే మిషనోడు తీస్కపోతడు" అని అమ్మ తొందరపెట్టింది.

అవే అట్టలు పెట్టి కత్తెరతో కోసి కుట్టిన ఆ ఒక్క అంగీ నాకు తొడిగారు. అందరూ చుట్టూ చేరి మంచిగున్నదా అని అడిగారు. చంకల కింద కాస్త బిగువుగానే ఉంది, కానీ అన్ని ముఖాలు నన్నే చూస్తుంటే నేను తల ఊపడం తప్ప ఏం చేయగలను? అమ్మ మిషన్ దగ్గరికి వెళ్లి స్విచ్ మీద చెయ్యి వేసింది.

పెద్దమ్మ నన్నేమీ అడగలేదు. అటక మీదున్న డబ్బా చూపించి, "దాంట్ల పల్లిపట్టి ఉన్నది, తీస్కో బిడ్డా" అంది. ఆశగా చెయ్యి పైకి చాచాను. చంకలో బట్ట పట్టేసింది, కుట్టు పర్రుమని పిగిలింది. అందరి కష్టం నేనే చింపేశాననుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెద్దమ్మ మాత్రం పకపకా నవ్వింది. "మిషన్ బందువెట్టు పిల్లా! బతికినం పో!"

తప్పు అట్టలో ఉంది. ఏటా పాత అట్టను చూసి కొత్త అట్ట గీసుకుంటూ, ప్రతిసారీ గీతకు లోపలి నుంచే కోయడంతో అది ఏడాదికింత చిక్కిపోయింది. ఆడవాళ్లు చంక దగ్గర పెంచి మళ్లీ గీశారు. చేతుల అట్టలను అటూ ఇటూ తిప్పి సందుల్లో ఇరికిస్తే బట్ట సరిపోయింది. అమ్మ నేలమీద చతికిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. పిగిలిన అంగీకి పెద్దమ్మ చంకలో ముక్క వేసి ఇచ్చింది. ఆ ఏడంతా బడికి నేను వేసుకున్నది అదే.

మొన్న నాకు బట్టల ఫ్యాక్టరీలో పని దొరికింది. కోతకు ముందు కుట్టిన మొదటి జతను చూసే విభాగం. తప్పు కనిపిస్తే అందరి ముందూ చెప్పాలంటే ఇప్పటికీ నాకు జంకే. అయినా ఆ చిరుగు శబ్దం గుర్తొస్తే ధైర్యంగా ఉంటుంది. బస్సెక్కేటప్పుడు పెద్దమ్మ పల్లిపట్టి పొట్లం చేతిలో పెట్టి, నా ముఖం చూసి అంది:

"నోరు రాకుంటె మానె బిడ్డా. చెయ్యన్న లేపు."