అన్నింటికీ తెలీదని రాసిన పిల్ల

నేను చదివింది మూడో తరగతి. అదీ పూర్తిగా కాదు. ఇంగ్లీషు గురించి ఈమె రాయడమేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. నా మనవరాలి చదువు ఆ ఇంగ్లీషు దగ్గరే ఆగిపోబోయింది, అందుకని రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. అవి పార్టీల కాలం. మా దగ్గర పార్టీ అంటే ఓటు వేసే జెండా ఒక్కటే కాదు, ఊళ్లో ఏ ఇంటి వైపు ఉన్నావనేది కూడా. నా కొడుకు ఒక కేసులో సాక్షి. వాయిదా ఉన్నప్పుడల్లా పులివెందుల కోర్టుకు పోయేవాడు. ఏ బస్సుకు పోతాడో, ఏ దారిన తిరిగొస్తాడో బయటికి పొక్కనిచ్చేవాళ్లం కాదు. అందుకే పిల్లలకు మాటలు రాగానే మేము నేర్పిన పాఠం ఒకటే. బయటివాళ్లు ఏది అడిగినా, నవ్వుతూ అడిగినా, చాక్లెట్టు ఇచ్చి అడిగినా, "నాకు తెలీదప్పా" అనాలి. మరిచిపోయి బదులు చెప్పిన రోజు నా చేత తొడపాశం తిన్నారు.

మనవరాలు ఎనిమిదో తరగతికి ప్రొద్దుటూరు బడిలో చేరింది. రోజూ బస్సు ప్రయాణం. ఎలక్షన్లు దగ్గరపడే కొద్దీ నా కొడుక్కి ఆ బస్సు మీద బెంగ పట్టుకుంది. పైకి మాత్రం వేరేగా అన్నాడు.

"ఇంగ్లీషులో తప్పినావంటే ఇంగ బడి చాలు. ఇంట్లోనే ఉండు."

పరీక్ష కాగితాలు ఇచ్చే ముందు ఇంగ్లీషు టీచరమ్మ, ఇంట్లో పెద్దవాళ్లను పిలుచుకు రమ్మంది. కొడుక్కి చెప్పకుండా, బస్సు చార్జీ దండగని గొణుక్కుంటూ నేనే పోయాను.

ఆమె కాగితం నా ముందు పెట్టింది. ఆరు చిన్న ప్రశ్నలు, ఒక్కోదాని కింద పిల్ల రాత. నాకు ఇంగ్లీషు రాకపోయినా ఆరు రాతలూ ఒకే పోలికగా ఉన్నాయని కనబడింది.

"ఏం రాసిందమ్మా?"

"నాకు తెలీదు అని. ఆరింటికీ అదే."

"పాఠం చదవలేదా అది?"

"చదివింది పెద్దమ్మా. అర్థాలన్నీ రాస్తాది. ఇట్లా పొట్టి ప్రశ్న కనబడితేనే తెలీదంటాది. మీది ఏ ఊరు?"

చెప్పాను. ఆమె కలానికి మూత పెట్టింది. మా ఊరి పేరు చెబితే బస్సు కండక్టరు కూడా కొట్లాటల కథలు అడుగుతాడు. ఈమె నవ్వలేదు, జాలి పడలేదు, ఒక్క మాట అడగలేదు. నాకు ఆమె మీద గౌరవం కుదిరింది అప్పుడే.

"ఇవి జవాబు కోసం అడిగేటివి కావు పెద్దమ్మా," అంది. "ఇంగ్లీషోళ్లు ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు సగం మాటలు మింగేస్తారు. 'వై వర్రీ' అంటారు. నువ్వెందుకు బెంగపడాల అని. 'నువ్వు' అనేది మింగేసినారు, 'పడాల' అనేది మింగేసినారు. అడిగినట్టే ఉంటాది, బెంగ వద్దని చెప్పడమే అది. ఆ మింగేసింది ఏందో కింద రాయాల."

"దీనికి పుస్తకమెందుకు టీచరమ్మా? వారానికో సబ్బు అడుగుతాది ఆ పిల్ల. 'ఏం, పెండ్లా?' అంటాను."

ఆమె అప్పుడు నవ్వింది. "దాంట్లో నువ్వేం మింగినావు?"

ఆలోచించాను. "ఈ పొద్దు నీకేమన్నా పెండ్లా, ఇంత సబ్బు రుద్దేదానికి, అని."

"పిల్ల ఏమంటాది?"

"అనేదేముంది, నోరు మూసుకుని పోతాది."

"అంటే అర్థమవుతాంది. ఇంట్లో అయితే శానా బాగా అర్థమవుతాంది. కాగితం మీద అడిగేవాళ్లు బయటోళ్లు, అందుకే తెలీదంటాంది. వారం దినాలు టైమిస్తా. నువ్వే నేర్పు పెద్దమ్మా, మల్లా పరీక్ష పెడతా."

అంత చదువుకున్న మనిషి నా చేతికి పాఠం అప్పగించింది.

సాయంత్రాలు నేను శనక్కాయలు ఒలుస్తుంటే పిల్ల పక్కన కూర్చుని పుస్తకంలోది చదివి తెలుగులో చెప్పేది.

"'హూ కేర్స్' అంట అవ్వా. పట్టించుకునేది ఎవరు అని."

"నువ్వు అన్నం తిననని అలిగితే నేనేమంటా?"

"'ఎవురికి పట్టింది' అంటావు."

"రాయి. ఇంగోటి?"

"'సో వాట్'. అయితే ఏంది అని."

"పక్కింటోళ్లు టీవీ కొన్యారని చెప్పినావు గదా మొన్న. ఏమన్యా?"

"'కొంటే?' అన్యావు."

"నేను మింగింది?"

"కొంటే మనకేమి, మూసుకోని పని చూస్కో, అని."

"రాయి."

మూడో నాడు పెన్సిలు ఆపి అడిగింది. "మరి ఎవరన్నా వచ్చి నాయన యాడికి పోయినాడంటే?"

"తెలీదనే చెప్పాల."

"అది జవాబు కావాల్సిన ప్రశ్న గదా అవ్వా. కాబట్టి తెలీదు."

పదమూడేళ్ల పిల్ల. మేము భయపడి నేర్పిన దాన్నీ, బడిలో నేర్పే దాన్నీ దేని చోట దాన్ని పెట్టుకుంది. నేను పొగిడే మనిషిని కాను. ఇంకో నాలుగు శనక్కాయలు పిల్ల వైపు తోశాను.

రెండో పరీక్షలో ఆరింటికి ఐదు రాసింది. కాగితం నా కొడుకు చేతికిచ్చింది. వాడు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. కింద టీచరమ్మ ఎర్ర సిరాతో బాగుందని రాసిన మాట పిల్ల చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఇంగ బడి యాడ నిలిపేది?" అన్నాడు.

బదులు చెప్పబోయి నోరు తెరిచింది నేనే.  పిల్ల మరుసటి రోజుకు యూనిఫాం ఉతుక్కోవడానికి బకెట్టు తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది.