ప్లేటు మీద తెల్ల చుక్కలు

1983లో నన్ను హనుమకొండలోని ఒక ఆసుపత్రికి రేడియాలజిస్టుగా వేశారు. రొమ్ము పరీక్షకు ప్రత్యేక యంత్రం అప్పటికి మాకు లేదు. మామూలు ఎక్స్‌రే యంత్రాన్నే తక్కువ వోల్టేజికి దించి, మెత్తని కండ కనిపించేలా ప్లేటు తీసేవాళ్లం. ఆ పనంటే నాకు మహా మోజు.

ఆ వానాకాలంలో సర్జరీ వార్డు నుంచి సరోజనను పంపారు. మగ్గం మీద జంపఖానాలు నేసే మనిషి. కుడి రొమ్ములో గడ్డ కొద్ది నెలల్లోనే కొబ్బరికాయంత అయింది. ప్లేటు తీస్తే గడ్డ నిండా తెల్ల చుక్కలు. మామూలు రొమ్ము క్యాన్సర్లో సున్నం పేరుకుంటే అలాగే కనిపిస్తుంది. అదే అయితే, ఆనాటి పద్ధతిలో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలూ చంకలోని గ్రంథులూ తీసేసేవారు. చెయ్యి మునుపటిలా లేచేది కాదు.

ఆమె అడిగిందీ అదే. “రొమ్ము పోతే పోనియ్యి డాక్టరమ్మా. చెయ్యి మగ్గానికి పనికొస్తదా?”

నాకు ఆ చుక్కలు నచ్చలేదు. గడ్డ లేని చోట కూడా, చంక దాకా చల్లినట్టు ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే చర్మం ముడతల్లో ఎర్రటి జిడ్డు. బయట కూర్చున్న ఆమె అత్త నూనెలో సిందూరం కలిపి పట్టు వేసిందట. సిందూరంలో లోహం ఉంటుంది, ఎక్స్‌రేకు తెల్లగా పడుతుంది. కడగాలంటే అత్త లేచి వచ్చింది.

“కడిగితే గుణం పోతది బిడ్డా. పైపైన తుడిసినం గద, జర గట్లనే తియ్యి.”

ప్లేటు అయ్యాక నీ ఇష్టం పెద్దమ్మా అని బతిమాలి, సబ్బుతో కడిగించాను.

రెండో ప్లేటులో చుక్క అన్నది లేదు. నున్నని అంచులున్న పెద్ద గడ్డ, అంతే. అంత వేగంగా పెరిగింది కనుక అరుదైన ఫిల్లోడిస్ గడ్డ కావచ్చని రాసి, ముందు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమని సర్జన్ గారిని కోరాను. పాథాలజీ వాళ్లు ఫిల్లోడిసే అన్నారు, అదీ ప్రాణాంతక రకం. అది చంక గ్రంథులకు పాకడం అరుదు. ఒంట్లో వేరే చోటికి పాకితే రక్తం వెంట ఎక్కువగా ఊపిరితిత్తులకే పోతుంది. గడ్డ కండరాన్ని అంటలేదు కనుక సర్జన్ గారు రొమ్ము వరకే తీసి, కండరాలనూ చంకనూ ముట్టుకోలేదు.

తర్వాత సరోజన ఏటా ఊపిరితిత్తుల ప్లేటుకు వచ్చేది. ఒకసారి గదిలో అడుగుపెడుతూనే, “తానం జేసే వచ్చిన డాక్టరమ్మా, ఫికర్ జెయ్యకు” అంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పక్కవైపు ప్లేటుకు రెండు చేతులూ తలపైకి ఎత్తమన్నాను. రెండూ సమానంగా లేచాయి. ఆ పూటంతా నాకు సంతోషంగా ఉంది.

చర్మం మీదున్నదీ లోపలున్నదీ ప్లేటు మీద ఒకే తెలుపు. అందుకే రిటైరయ్యే దాకా నా గదిలో ముందు తడిగుడ్డ, ఆ తర్వాతే ప్లేటు.