గోడ మీది ఆటగాడి అమ్మ

బందరులో మెంబర్లు ఆడుకునే పాత షటిల్ క్లబ్బును బారుగా మార్చినప్పుడు నేనక్కడ మేనేజర్ని. చెక్క నేల, దాని మీది కోర్టు గీతలు, గోడల మీది ఆటగాళ్ల ఫోటోలు అందంగా ఉన్నాయని ఓనరు అలాగే ఉంచేశారు.

ఒక ఫోటోలోని కుర్రాడి తల్లి మధ్యాహ్నం పూట, జనం లేనప్పుడు వచ్చేవారు. మునివేళ్ల మీద నిలబడి, కౌంటరు పైనున్న ఆ ఫోటో అద్దాన్ని పమిట చెంగుతో తుడిచేవారు. కప్పు గెలిచిన ఏడాదే ఆ అబ్బాయి చల్లపల్లి రోడ్డు మీద బైకు ప్రమాదంలో పోయాడట.

ఒకరోజు మొహమాటపడుతూ అడిగారు. "బాబూ, మావాడు మందు ముట్టి ఎరగడండీ. ఆ సీసాల మీంచి కాస్త పక్కకి పెట్టిస్తారా?"

ఓనరుకు ఫోన్ చేసి అడిగి, ఫోటో దింపి ఆమె చేతుల్లో పెట్టాను.

"ఇంటికి తీసుకెళ్లండమ్మా. ఇది మీదే."

గుండెకు హత్తుకుని చాలాసేపు ఏడ్చారు. చివరికి ఫోటో నాకే తిరిగి ఇచ్చేశారు.

"వద్దులెండి బాబూ. ఇంట్లో వీణ్ని చూడ్డానికి నేనొక్కదాన్నే. ఇక్కడైతే వచ్చేపోయేవాళ్లుంటారు. ఆ కిటికీ పక్కన పెట్టించండి, చాలు."

మేకు కొట్టి తగిలించేదాకా నిలబడి, "వెళ్లొస్తాన్రా నాన్నా" అని ఫోటోతో చెప్పి వెళ్లారు. ఆమె రావడం అదే ఆఖరు.