మనోడే అనుకున్న పైలట్

మా అక్కది బొబ్బిలి, నేనూ ఆమె దగ్గరే ఉంటాను. వీణ వాయిస్తుంది, పిల్లలకు నేర్పుతుంది. ఎక్కడ కచేరీ ఉన్నా రైలెక్కి వెళ్ళే మనిషి. ఆ ఏడు వానాకాలంలో కచేరీవాళ్ళు విమానం టిక్కెట్లు పంపారు. తోడుగా నన్ను రమ్మంది.

విమానం ఎక్కినప్పటి నుంచి అక్క కుర్చీ చేతిని వదల్లేదు. దిగబోయే ముందు పైలట్ మైకులో మాట్లాడాడు. ఇంగ్లీషు, హిందీ అయ్యాక తెలుగులో కూడా చెప్పాడు. కింద వాన పడుతోందట, కాస్త కుదుపులుంటాయట, తాను శ్రీకాకుళం జిల్లావాడినట, భయపడవద్దట. అక్క చెయ్యి కుర్చీ మీది నుంచి జారి ఒళ్ళోకి వచ్చింది.

"ఇన్నావేటే? మనోడే," అంది.

కిటికీలోంచి రన్‌వే దీపాలు వెనక్కి పరుగెడుతున్నాయి. చక్రాలు ఇంకా నేలకు ఆనలేదు. ఆనాక బ్రేకులు వేసినా విమానం నీళ్ళ మీద జారిపోతూనే ఉంది. రన్‌వే అయిపోయింది. గోడ విరిగిన చప్పుడు, పెద్ద కుదుపు, చీకటి. విరిగిన విమానంలో మేం ఉన్న ముక్క కాలవ గట్టు మీద ఒరిగి ఆగింది. ముందు వరుసల్లో కొందరు మరి లేవలేదు. నాకు పక్కటెముకలు విరిగాయి. అక్కకు ఎడమ మణికట్టు నుజ్జయింది. వీణ మెట్ల మీద తీగ నొక్కి లాగే చెయ్యి అది.

పైలట్ బతికాడు. ఆసుపత్రిలో అందరూ అతన్నే తిడుతుంటే అక్క ఊరుకోలేదు. ఆ వానలో ఎవరైనా ఏం చేస్తారని వాదించింది. పేపరు వాళ్ళు వస్తే, మేం ఇంతమందిమి బతికామంటే ఆ బాబు చలవేనని చెప్పింది. ఫొటోతో సహా వేశారు. చేతికి రెండుసార్లు ఆపరేషన్ చేశారు. తీగ నొక్కే రెండు వేళ్ళు మాత్రం వంగలేదు. అయినా అతన్ని ఒక్క మాట అననివ్వలేదు.

తరవాత దర్యాప్తు నివేదిక బయటికొచ్చింది. టీవీలో చదువుతుంటే పక్కపక్కన కూర్చుని విన్నాం. విమానం ఎక్కువ ఎత్తులో, ఎక్కువ వేగంతో వచ్చిందట. దిగడం కుదరదు, మళ్ళీ పైకి లేపుదామని కో పైలట్ రెండుసార్లు చెప్పాడట. ఇతను వినలేదట.

అక్క టీవీ కట్టేసింది. ఆ పూట అన్నం తినలేదు.

నెల తిరక్కుండా ఆ పైలట్ మా ఇంటికి వచ్చాడు. కొంచెం కుంటుతున్నాడు. అక్క లోపలికి పిలిచి కుర్చీ వేసింది. తనకు క్షమాపణ చెప్పడానికే వచ్చాడని అనుకుందని ఆ ముఖం చూస్తే నాకు తెలిసింది. అతను తన ఉద్యోగం పోయేలా ఉందన్నాడు. పేపరులో ఆమె చెప్పిన మాటలు ఇప్పుడు వీడియోలో మరోసారి చెబితే మేలు చేసినట్టవుతుందన్నాడు. ఆమె చేతి సంగతి అడగలేదు.

"బాబూ, ఒక్క మాట సెప్పు. మళ్లీ లేపుదామని ఆ పక్కనోడు సెప్పినాడా, లేదా?"

అతను నేల చూశాడు. "అవన్నీ మీకు అర్థం కావమ్మా."

"తెలుగులోనే కదా అడిగినాను. భయం లేదని నువ్వు తెలుగులో సెప్తేనే కదా నమ్మినాను."

అతను ఇంకేదో చెప్పబోయాడు. అక్క లేచి వీధి తలుపు తీసి పట్టుకుంది. అతను వెళ్ళిపోయాడు. నేను దగ్గరికి వెళితే, "ఆడిని తిట్టినోళ్ళతో దెబ్బలాడినానే," అంది. చెయ్యి పోయినప్పుడు కూడా ఆమె గొంతు అలా లేదు.

మర్నాడు ఆ పేపరు విలేకరికి నాచేత ఫోన్ చేయించింది. అప్పుడు తాను చెప్పింది తెలియక చెప్పిన మాటనీ, అది వెనక్కి తీసుకుంటున్నాననీ రాయమంది. పాత సంగతి, ఇప్పుడెందుకు లెండి అన్నాడతను. అక్క పట్టు వదల్లేదు. చివరికి లోపలి పేజీలో నాలుగు వరుసలు వేశారు.

ఇప్పుడు అక్క నోటితో పాడి చూపిస్తుంది, పిల్లలు వాయిస్తారు. ఆ పైలట్ ఊరివాళ్ళెవరో పెళ్ళిలో కలిసి, మనోడు కదా, పోనీ వదిలేయమన్నారు. అక్క విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది.