ముందు దిగిన గొర్రె

మా నాయిన పోయింది నీళ్ళ నొప్పితో కాదు. ఈ మాట ఊళ్ళో ఇప్పటికీ చాలామంది నమ్మరు. మా అన్నను నమ్మించడానికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

మాది మర్రిగూడ దిక్కు పల్లె. గొర్రెలు కాసుకుని బతికే ఇల్లు. మా వైపు భూమిలోని నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్ళు తాగి పెరిగిన పెద్దవాళ్ళకు నడుము వంగదు, మెడ తిరగదు. పొద్దున లేస్తే ఎవరో ఒకరు వీపు పట్టుకొని గోడకు ఆనుకుని కూర్చోవడం చూస్తూ పెరిగాం. అందుకే మా ఊళ్ళో ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా దానికి ఒకటే పేరు, నీళ్ళ నొప్పి. దానికి మందు లేదని అందరికీ తెలుసు కాబట్టి దవాఖానకు పోవాలన్న తొందర కూడా ఎవరికీ ఉండదు.

సర్కారు గొర్రెలు పంచిన ఏడాది అది. నాయిన కుంట దగ్గర గొర్రెలను కడుగుతూ ఒక పెద్ద పొట్టేలును రెండు చేతులా లేపాడు. లేపినవాడు లేపినట్టే దాన్ని వదిలేసి వీపు మీదికి చెయ్యి పెట్టుకున్నాడట. "రెండు రెక్కల నడుమ చీరినట్టు నొస్తాంది" అన్నాడట. ఇంటికి తెచ్చి అన్న నూనె రాసి రుద్దాడు. ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టారు. చూడడానికి వచ్చిన ప్రతివాడూ నీళ్ళ నొప్పే అన్నాడు, తన వీపు సంగతి కూడా చెప్పుకొని పోయాడు. నల్లగొండలో బడిలో పాఠాలు చెప్పే నాకు కబురు అందేసరికి పొద్దు వాలింది. హైదరాబాదులో పెద్ద దవాఖానకు చేర్చాం, స్కానింగ్ తీశారు, ఆపరేషన్‌కు అంతా సిద్ధం చేస్తుండగానే నాయిన పోయాడు.

గుండె ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టింది. గుండె నుంచి ఒంటికంతా నెత్తురు తీసుకుపోయే పెద్ద నాళం ఒకటి ఉంటుందట. అది నాయినకు ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఉబ్బి, బరువు ఎత్తిన ఆ క్షణాన లోపల చీలింది. సైకిల్ ట్యూబు ఒకచోట బుగ్గ కట్టి పగిలినట్టు.

"ఇది కొన్ని ఇళ్ళల్లో వంశంలోనే వస్తుందమ్మా" అంది ఆమె. "వెనకటి రోజుల్లో పోయినవాళ్ళతోనే ఆ సంగతి కూడా పోయేది. ఈమధ్య జరిగిన పరిశోధనల వల్ల మాకూ తెలిసివచ్చింది. ఒకరికి ఉందంటే వాళ్ళ పిల్లలకు, తోబుట్టువులకు నొప్పి లేనప్పుడే చూడాలి. ముందే దొరికితే బాగుచేయవచ్చు. చీలిన తర్వాత మా చేతుల్లో ఉండదు."

నేను వెంటనే అన్న వైపు చూశాను. అన్న అచ్చం నాయినే. అదే ఎత్తు, అవే పొడుగు వేళ్ళు, అదే పని. రేపు పొద్దున ఊరికి పోయి అదే పొట్టేలును అట్లాగే లేపుతాడు.

దినాలు అయ్యాక మొదలుపెట్టాను. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పోరు, పరీక్ష చేయించుకో అని. నా నోరు మంచిది కాదు, అది మా ఇంటిల్లిపాదికీ తెలుసు. అన్న మెత్తని మనిషి, కానీ మొండి.

"నాకేమైందే? దున్నపోతు లెక్క ఉన్న. వీపు నొప్పి ఊరందరికుంది, అందరికి స్కానింగులు తీపిస్తవా?" అనేవాడు.

"ఊరందరి నాయినలు గట్ల సచ్చిపోలేదు గదా" అని నేను. ఫోన్ పెట్టేసేవాడు.

చివరికి ఒకరోజు ఊరికి పోయి, మంద దగ్గరే నిలబడి అడిగాను. "మందల ఒక్క గొర్రె నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే పడి సస్తే నువ్వేం జేస్తవు?"

"కోసి లోపలేమైందో చూస్త."

"చూసి?"

"మిగిలినయాటికి సూదులేపిస్త." అని, తను ఏమన్నాడో తనకే తట్టి నా మొహం చూశాడు. "నీ నోట్లె మన్నువడ, గొర్రెలతోని సమానం జేస్తివి గదనే" అన్నాడు. కానీ ఆ వారమే నాతో హైదరాబాదు బస్సెక్కాడు.

గుండె స్కానింగ్ గది చిన్నది. మంచం, దాని పక్కన తెర ఉన్న మిషను, చల్లని గాలి. అన్న అంగీ గుండీలు సగం విప్పి మిషను వైర్లను చూశాడు. మళ్ళీ గుండీలు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ముందుగాల నువ్వు పండుకో" అన్నాడు.

"నేనెందుకు? పరీక్ష నీకు."

"డాక్టరమ్మ ఇద్దరికి చెప్పింది. నువ్వు దిగు, నీ ఎనక నేను దిగుత."

ఇది మంద భాష. గొర్రెలు నీళ్ళలోకి ఊరికే దిగవు. కాలువ అడ్డం వస్తే అన్నీ ఒడ్డున గుంపుకట్టి నిలబడతాయి, కొట్టినా కదలవు. అప్పుడు ఒక్కదాన్ని చెవి పట్టుకొని నీళ్ళలోకి దింపాలి. అది దిగిందా, మిగతావన్నీ దాని వెనకే దూకుతాయి. మా నాయిన అట్లా ముందు దిగే గొర్రెను అమ్మేవాడు కాదు, కోతకు ఇచ్చేవాడు కాదు. మంద భయాన్ని అది మోసిందనేవాడు.

"నేను నీ కంటికి గొర్రె లెక్క కనవడుతున్ననా?" అని గయ్యిమన్నాను. స్కానింగ్ తీసే అమ్మాయి కిసుక్కున నవ్వింది. సరే, ఈ మొండిఘటం దిగాలంటే వేరే దారి లేదని నేనే వెళ్ళి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. గుండెల మీద చల్లని జిగురు రాసింది. నాకు నొప్పి లేదు, భయమూ లేదు. అన్న వైపు చూసి, చూడు ఎంత సుఖంగా ఉందో అన్నట్టు కళ్ళు ఎగరేశాను.

ఆ అమ్మాయి నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. ఒకే చోట మళ్ళీ మళ్ళీ చూస్తోంది. తర్వాత లేచి, "కదలకండి మేడమ్, డాక్టర్‌ను పిలుస్తా" అని బయటికి పోయింది.

ఉబ్బింది నా నాళం. నా ఎత్తుకు ఉండవలసినదానికంటే చాలా ఎక్కువగా ఉబ్బిందట. ఆ తర్వాత అన్న మంచమెక్కాడు. అతనిది శుభ్రంగా ఉంది.

తిరుగు బస్సులో అన్న కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. నేను పల్లీలు కొనిస్తే ముట్టలేదు. "నేనే దింపిన నిన్ను" అన్నాడు.

"నువ్వు దింపకపోతే నాకు తెలుస్తుండెనా? సంతోషపడు."

"నేను ముందుగాల పండుకుంటే అది నాకే ఉంటుండె" అన్నాడు. ఎంత తిక్క మాట! కానీ ఆ మాటను అతను నిజంగానే నమ్మాడు. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. నా భయం నాకుండగా అతని భయం కూడా నేనే సర్దవలసి వచ్చింది.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పింది. ఉబ్బిన ముక్క తీసేసి గుడ్డతో నేసిన గొట్టం కుడతారట. ఇదివరకు దాంతోపాటు గుండె కవాటాన్ని కూడా మార్చేసేవారట, లోహపు కవాటం పెడితే జీవితాంతం నెత్తురు పలచబడే గోలీలు మింగాలి. ఇప్పుడు కుదిరినంతవరకు మనిషి సొంత కవాటాన్నే ఉంచి కుట్టడం నేర్చుకున్నారు. ఆమె బల్ల సొరుగులోంచి ఒక గొట్టం ముక్క తీసి చూపించింది. అన్న దాన్ని తీసుకుని, ఉన్ని చూసినట్టు బొటనవేలితో రుద్ది, వెలుతురుకు ఎత్తి చూశాడు. "నేత గట్టిదే" అని నాతో మెల్లగా అన్నాడు. అప్పటిదాకా ఎవరు చెప్పినా నిలవని ధైర్యం ఆ మాటతో కాస్త నిలిచింది.

ఆపరేషన్ నాకు గుర్తులేదు, తర్వాతి దగ్గు మాత్రం గుర్తుంది. రొమ్ము ఎముక కోసి మళ్ళీ కట్టిన మనిషికి దగ్గు అంటే ఏమిటో పగవాడికి కూడా తెలియకూడదు. దగ్గు వస్తే దిండును గుండెలకు గట్టిగా హత్తుకోమని నర్సు నేర్పింది. అది విని అన్న ఊరికి పోయి నాయిన గొంగడి మడతపెట్టి తెచ్చాడు, దిండుకంటే ఇది గట్టిగుంటది అని. నర్సు దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. "గొర్రెల గొంగడి ఐసీయూలకా? నీకు దండం పెడతనే పెద్దమనిషీ, బయటికి తీస్కపో" అంది. దాన్ని ఒళ్ళో పెట్టుకొని వరండాలోనే కూర్చునేవాడని మా ఆయన తర్వాత చెప్పాడు.

మర్నాడే నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టారు, ఆపైన నడిపించారు. పడుకోబెట్టి ఉంచడం పాత పద్ధతట, తొందరగా నడిచినవాళ్ళే తొందరగా తేరుకుంటున్నారట. ఇంటికి వచ్చాక ఆ నడిపించే పని అన్న తీసుకున్నాడు. మందను పాలివాళ్ళకు అప్పజెప్పి నల్లగొండలో మా ఇంట్లోనే ఉన్నాడు. నేను బిందె ముట్టుకోబోతే కసురుకునేవాడు. పొద్దున్నే వీధిలో నా వెనక నడిచేవాడు, పక్కన కాదు. "ముందు నడువన్నా" అంటే, "ఎనకబడ్డ గొర్రెను ఎట్ల నడిపియ్యాల్నో నాకు తెల్వదా?" అనేవాడు. నేను ఆగితే ఆగేవాడు. తొందర పెట్టడం ఆ మనిషికి రాదు. నేను బతికి బట్టకట్టింది డాక్టరమ్మ చేతి వల్ల ఎంతో, ఆ నడక వల్ల కూడా అంతే అని నా నమ్మకం.

ఏళ్ళు గడిచాయి. నేను మళ్ళీ బడికి పోతున్నాను. మిగిలిన భయం ఒక్కటే, నా బిడ్డ. చిన్నప్పుడు ఒకసారి చూపిస్తే బాగానే ఉందన్నారు, ఎదిగేటప్పుడు మళ్ళీ చూడాలన్నారు. నా రక్తం కూడా పరీక్షకు పంపారు కానీ అందులో ఏమీ తేలలేదు. ఇంకా తెలియనివి చాలా ఉన్నాయట, కాబట్టి స్కానింగ్‌లో చూసుకోవలసిందేనట. ఇప్పుడు నా కూతురు ఇంటర్ చదువుతోంది. ఎత్తు మా నాయినది. వాలీబాల్ ఆడుతుంది, జిల్లా జట్టులో ఆడుతుంది. నెట్ మీద అది ఎగిరిన ప్రతిసారీ నేను కళ్ళు మూసుకుంటాను.

పోయిన ఎండాకాలం తీసుకుపోయాను. విషయం తెలిసి అన్న కూడా ఊరి నుంచి దిగాడు. అదే గది, అదే చలి. మిషను మాత్రం కొత్తది. నా బిడ్డ గుమ్మంలో నిలబడిపోయింది.

"నేను రాను. నాకేం గాలే. గిదేమన్న ఉన్నదంటే నన్ను ఆడనియ్యరు" అంది.

పడుకో అని నేనెట్లా చెప్పను? ఆ మంచం మీద పడుకుని లేచాక నా బతుకు ఎట్లా మారిందో దానికి తెలుసు.

అన్న అంగీ విప్పి స్టూలు మీద పెట్టాడు. వెళ్ళి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు.

"ఈయనకు డాక్టర్ స్కానింగ్ రాయలేదు కదా?" అంది స్కానింగ్ అమ్మాయి.

"రాయకుంటే మాయె. జర పెట్టు తల్లీ" అన్నాడు. తర్వాత నా బిడ్డతో, "గప్పుడు మీ అమ్మను ముందుగాల దింపిన. గీసారి నేనే దిగిన బిడ్డా. సల్లగుంటది, గంతే. రా" అన్నాడు.

ఆ అమ్మాయి మా ముగ్గురి మొహాలు చూసి, ఏమనుకుందో, జిగురు రాసి అతని గుండె మీద మిషను పెట్టింది. అతను లేవగానే నా బిడ్డ ఆ మంచమెక్కింది. అన్న పక్కకు జరిగి దాని కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. నేను తెర వైపు చూడలేదు, ఆ అమ్మాయి మొహమే చూస్తున్నాను. అది మారలేదు. డాక్టర్ కూడా వచ్చి చూశాడు. "బాగుంది. కొన్నేళ్ళకు మళ్ళీ చూద్దాం" అన్నాడు.

"ఆడొచ్చా సార్?" అని అడిగింది నా బిడ్డ.

"ఆడుకో తల్లీ."

వరండాలోకి వచ్చి చూస్తే అన్న గోడకు ఆనుకుని ఉన్నాడు. అంగీ చేతిలోనే ఉంది. గుండెల మీద జిగురు అట్లాగే ఉంది, తుడుచుకోవడానికి అతనికి కాగితం ఎవరూ ఇవ్వలేదు. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు, నాయిన పోయిననాడు కూడా అట్లా ఏడవలేదు. నలుగురి నడుమ గీ ఏడుపేందని తిడదామనుకున్నాను. నా కొంగుతో అతని గుండెలు తుడిచాను.