నాలుగు గిన్నెల అందం

మా వదిన తిరుపతమ్మ ఎక్కడికి బయలుదేరినా అందాన్ని టిఫిన్ క్యారేజీలో సర్దుకునే బయలుదేరుతుంది. ఈ వాక్యంలో అతిశయోక్తి లేదు. తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక అతిశయోక్తికీ స్వభావోక్తికీ తేడా నాకు తెలుసు, ఇది స్వభావోక్తి.

లోకంలో తక్కినవారు టిఫిన్ క్యారేజీలో పులిహోర తీసుకువెళతారు. మా వదిన స్టీలు క్యారేజీ పై గిన్నెలో చలికాలపు క్రీము ఉంటుంది. దాని కింద శనగపిండి, పసుపు, కచ్చూరాలు కలిపి దంచిన నలుగుపిండి. మూడో గిన్నెలో కలబంద గుజ్జు. అడుగు గిన్నెలో ఎండకు రాసుకునే సన్‌స్క్రీన్, వాజిలిన్ డబ్బీ, దువ్వెన, బిగుతు మూత సీసాలో కొబ్బరినూనె. కాశీకి వెళ్లినా ఇంతే, వీధి చివర బ్యాంకుకు వెళ్లినా ఇంతే.

సామానుకు కొదవ లేదు. మా అన్న హనుమంతుకు మరాఠీ గడ్డ మీది మా చంద్రపూర్ గోల్‌బజార్‌లో గాజులూ రిబ్బన్లూ క్రీములూ అమ్మే దుకాణం ఉంది. అసలు విచిత్రం వేరే ఉంది. ఇంత సామాను మోసే మనిషి ముఖం చూస్తే, చెంపల మీద మంగు, పెదవులకు పగుళ్లు, ముక్కు మీద మా ఊరి ఎండ వేసిన ముద్ర. ఆ క్యారేజీకీ ఆ ముఖానికీ ఎన్నడూ పరిచయమైనట్టే తోచదు.

"వదినె, నీ క్రీములు నీ మొఖానికి తప్ప అందరికి తెలుసు" అని ఆటపట్టించేవాడు రామకిషన్. ఇతడు మా అన్న దుకాణంలో భాగస్వామి. భోజనంలో అందరికీ భాగస్వామి.

ఈ రామకిషనే ఒకసారి గోండ్‌పిప్రి పెళ్లికి పోతూ బస్సులో ఆకలికి తాళలేక, అందరూ కునుకు తీస్తున్న అదను చూసి, క్యారేజీ విప్పాడు. రెండో గిన్నెలో పచ్చని పొడి కనిపించింది. పుట్నాల పొడి అనుకుని తన జొన్నరొట్టెతో నంజుకుని సగం గిన్నె ఖాళీ చేశాడు. వదిన కళ్లు తెరిచేసరికి మూతి తుడుచుకుంటున్నాడు.

"పొడి మంచిగనే ఉన్నది గని వదినె, జర ఉప్పు తక్కువైంది."

"గది మొఖానికి పెట్టేదన్నా!"

"మరి గిన్నెల ఎందుకు పెట్టినవ్?"

"నువ్వు తింటవని పెట్టిన్నా? తీయి, ఇగ కడుపుల తెలుపొస్తది."

ఆ పెళ్లిలో రామకిషన్‌ను ఎవరు పలకరించినా "ఉప్పు సరిపోయిందా?" అనే అడిగారు. నేటికీ అడుగుతారు. నాటి నుంచి అతడు మా ఇంట ఏ గిన్నె మూత తీసినా ముందు వాసన చూస్తాడు.

మా ఊరి ఎండను గురించి ఒక మాట చెప్పక తప్పదు. వేసవిలో దేశంలోని వేడి ఊళ్ల పేర్లు చదివేటప్పుడు మాది మొదటి వరుసలో వినిపిస్తుంది. మేము ప్రసిద్ధి పొందినది ఆ ఒక్క వరుసలోనే. ఎండకు తోడు గనుల బొగ్గు పొడి. ఉతికి ఆరవేసిన తెల్ల ధోవతి సాయంత్రానికి పాత ఫొటోలా మారుతుంది. అందుకే వదిన బస్సులో ఎండపడే వైపు కూర్చున్నవారిని ఊరుకోనివ్వదు. ఒకసారి కండక్టరు, "మావ్షీ, డబ్బ్యాత్ కాయ్ ఆణలం?" అని ఆశగా అడిగాడు. పిన్నిగారూ, డబ్బాలో ఏం తెచ్చారని అతని భావం. తిండి దొరుకుతుందనుకున్నవాడికి ముక్కు మీద తెల్లని లేపనం దొరికింది. రాజురా దాకా అతడు ఆ తెల్ల ముక్కుతోనే టికెట్లు కొట్టాడు.

ఆమె భాషను దిద్దుదామని నేను చాలాకాలం ప్రయత్నించాను. "మొఖం కాదు వదినా, ముఖం" అంటే, "పిలుసుడు ఎట్లయితేంది పంతులూ, పగిలినంక మంట ఒక్కతీరే ఉంటది" అనేది. నేను విరమించిన ఏడాదే మా బడిలో తెలుగు తరగతిని ఎత్తివేశారు. చేరేవారు లేరన్నారు. ఆ గదిలో ఇప్పుడు సైకిళ్లు నిలుపుతున్నారు. సన్మానసభలో శాలువా కప్పుకుని ఇంటికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక కూర్చుంటే, వదిన క్యారేజీతో వచ్చింది. ఏదో మిఠాయి తెచ్చిందనుకున్నాను. వాజిలిన్ డబ్బీ తీసి నా ముందుంచింది.

"గిన్నేండ్లు సుద్దముక్క పట్టినవ్. వేళ్లు జూడు, సున్నపు గోడ తీరుగ పెచ్చులూడుతున్నయి. రాసుకో."

నవ్వి రాసుకున్నాను. ఆ డబ్బీ ఇంకా నా బల్ల మీదే ఉంది. వేళ్లు నునుపెక్కాయి, పట్టుకోవడానికే సుద్దముక్క లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మొన్నటి వేసవిలో మా మేనకోడలు మాధవి భర్త పోయాడు. నవనీత్ ఘుగ్గుస్‌లో ఒక సిమెంటు కంపెనీలో పనిచేసేవాడు. సెలవుకు రాజురాలోని సొంత ఇంటికి వచ్చి, మధ్యాహ్నం నిద్రలో గుండె ఆగి, మళ్లీ లేవలేదు. మేమందరం వెళ్లి, దహనమయ్యాక తిరిగి వచ్చాం. కొన్నాళ్లకు నవనీత్ తమ్ముడు ధనరాజ్ నాకు ఫోను చేశాడు.

"మామా, అన్న నౌకరి వదినెకిస్తరట. దినాలైనంక వచ్చే సోమారం తానే పోయి సాహెబుకు కనపడాలె. రాకపోతె ఆ జాగ వేరేటోళ్లకు పోతది. ఈమె మూలకెల్లి లేస్తలేదు. ముద్ద ముడ్తలేదు. మాట్లాడ్తలేదు."

"మీ అమ్మ ఏమంటున్నది?"

"అమ్మ ఏమంటది, ఆమె గూడ ఇంకో మూలకున్నది."

ఆ నౌకరీ తప్ప ఆ ఇంటికి మరో ఆధారం లేదు. మాధవికి బడికి వెళ్లే కూతురుంది. మరునాడే బయలుదేరాం. గుమ్మం దిగబోతూ మా అన్న ఆగిపోయాడు. వదిన చేతిలో క్యారేజీ ఉంది.

"ఏమే, సావింటికి పోతున్నం. గిప్పుడన్న గా డబ్బ ఇడిసిపెట్టు."

"ఇడిసిపెట్ట."

"నలుగురు నవ్వుతరు."

"నవ్వెటోళ్లుంటె మంచిదేనాయె. ఆ ఇంట్ల నవ్వినోళ్లు లేక శానా రోజులైంది."

బస్సు కదిలింది. వర్ధా నది వంతెన కింద నీరు సన్నగా, వెళ్లాలో వద్దో తేల్చుకోనట్టుగా పారుతున్నది. వెంట వచ్చిన రామకిషన్ మాత్రం క్యారేజీకి దూరంగా, మరో సీటులో కూర్చున్నాడు.

రాజురాలో ఆ ఇంటి పొయ్యి వెలగడం లేదు. మా వైపు చావు జరిగిన ఇంట దినాలు ముగిసేవరకు పొయ్యి రాజేయరు; చుట్టపక్కాలే అన్నం వండి తెస్తారు. తలకు నూనె పెట్టరు, దువ్వెన తాకరు. భర్త పోయిన మనిషి సంగతి చెప్పనక్కరలేదు. ఆమె అద్దంలో చూసుకున్నా పదిమంది నోట పడుతుంది. గుమ్మంలో కూర్చున్న మాధవి అత్తగారు మల్లమ్మ క్యారేజీ చూసి లేచింది.

"అన్నం తెచ్చినవా చెల్లె? లోపలికి తీస్కపో. నీ చేత్తోనన్న ఓ ముద్ద తింటదేమో."

వదిన తలవంచుకుని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది. మా అన్న నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను. ఆ గిన్నెల్లో మెతుకు లేదని మా ముగ్గురికీ తెలుసు.

తలుపు పాతది, మాటలు ఆగలేదు.

"ఇటు తిరుగే."

గిన్నెలు విడదీసిన చప్పుడు.

"కన్నీళ్ల ఉప్పుకు చెంపలు ఎట్ల పగిలినయో సూడు. మండ్తలేవా?"

మాధవి గొంతు వినిపించింది. "నాకెందుకత్తా ఇవన్ని? ఇగ ఎవ్వలి కోసం?"

"ఎవ్వలి కోసం గాదు. మొగడు పోయిండని తోలుకేం తెలుసే? అది ఎండకు కాలుతది, గాలికి పగులుతది. దానికి సెప్పెటోళ్లెవ్వలు?"

లోపలి నుంచి కొబ్బరినూనె వాసన తలుపు సందుల గుండా వచ్చింది. చావింట ఆ వాసన దాగదు. మల్లమ్మ ముఖం మారింది. లేచి వెళ్లి తలుపు తోసింది.

గదిలో మాధవి గోడ వైపు కాక వదిన వైపు తిరిగి కూర్చుని ఉంది. జుట్టంతా విప్పి ఉంది, సగానికి చిక్కు తీసి ఉంది. వదిన చేతులకు మోచేతుల దాకా నూనె.

"ఏం జేస్తున్నవ్ చెల్లె!" అన్నది మల్లమ్మ. "దినాలు గాలె. నా కొడుకు కాష్టం ఇంకా ఆరలె."

"ఔనక్కా, కాలె."

"నలుగురికి తెలిస్తె ఏమంటరు?"

"సోమారం గీ పోరి ఘుగ్గుస్ పోకపోతె మీ మన్మరాలికి గా నలుగురొచ్చి పెడ్తరా? గీ తల తోని, గీ మొఖం తోని ఎట్ల పోతదక్కా? గడప దాటనంటున్నది." వదిన మాట ఆపి మల్లమ్మ పాదాల వంక చూసింది. మడమలు బీటలు వారి నెత్తురు ఓడుతున్నాయి. కొడుకు పాడె వెంట నడిచిన నాటి నుంచి ఆ కాళ్లను ఎవరూ చూడలేదు. "నువ్వు గూడ కూసో. కొడుకు పోయినోళ్ల తోలు పగులదా?"

మల్లమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాను. ఆమె లోపలికి అడుగుపెట్టి, తానే తలుపు మూసి, గొళ్లెం పెట్టింది.

ఆ తరువాత ఇద్దరి ఏడుపులు వినిపించాయి. చాలాసేపటికి అవి సద్దుమణిగి, మల్లమ్మ మామూలు గొంతుతో అడగడం వినిపించింది.

"అన్నమేది చెల్లె?"

"అన్నమా? తెచ్చుడు మర్సిన."

"నాలుగు గిన్నెలు మోసుకొచ్చి అన్నం మర్సినవా?"

ఆ మాటకు లోపల ఎవరో ముక్కుతో చిన్న శబ్దం చేశారు. అది నవ్వో ఏడుపో నేను తేల్చుకోలేకపోయాను. రామకిషన్ మాత్రం నవ్వేనన్నాడు. వెంటనే లేచి పక్కింటికి పరుగెత్తి పప్పూ అన్నమూ అడిగి తెచ్చాడు. గిన్నె లోపలికి అందిస్తూ అలవాటు చొప్పున వాసన చూశాడు. ఆ మధ్యాహ్నం మాధవి నాలుగు ముద్దలు తిన్నది.

తిరుగు బస్సులో నేను వదిన పక్కన కూర్చున్నాను.

"వదినా, మంచి సంచీ కొనిస్తానని అన్న ఎన్నిసార్లు అన్నాడు. ఈ క్యారేజీయే ఎందుకు?"

"సంచి పట్టుకపోతె సావింట్ల గడప కాడనే ఆపుతరు పంతులూ. సింగారం సామానెందుకంటరు. టిఫినినెవ్వలాపుతరు? అన్నమనుకోని లోపలి అర్ర దాక తోలిస్తరు."

"ఎన్నాళ్లుగా ఇట్లా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. "మా నాయన పోయినప్పుడు మా అమ్మకు నూనె పెడ్తనంటె ఎవ్వలు పెట్టనియ్యలె. ఆమె తల జడలు గట్టింది. సిన్నదాన్ని, నా మాటెవ్వలింటరు? గప్పటికెల్లి ఏ ఊరికి పోయినా గిన్నెలు నింపుకోనే పోత. పెండ్లికి పోయినా ఓ మూల గసుంటి మనిషి ఒకామె ఉంటది. సూసెటోళ్లకే కనవడ్తది."

గోండ్‌పిప్రి పెళ్లి గుర్తుకు వచ్చింది. అక్కడ రామకిషన్ మీద జోకులు వేస్తూ మేమంతా నవ్వుతున్నప్పుడు వదిన పందిట్లో లేదు. వంటశాల వెనక పెళ్లికొడుకు మేనత్త ఒకామె, తెల్లచీరలో, ఎవరి కంటా పడకుండా కూర్చుంది. సాయంత్రానికి ఆమె తల దువ్వి, ముడి వేసి ఉంది. చూశాను గాని, దానికీ మా ఇంటి క్యారేజీకీ సంబంధం కలపలేదు. వాక్యంలో కర్తను వెతకమని పిల్లలకు జీవితమంతా చెప్పినవాణ్ణి.

"మరి నీ ముఖానికి ఎందుకు రాసుకోవు?" అని అడిగాను.

"మిగిల్తె గదా" అన్నది.

దినాలు ముగిశాయి. సోమవారం మాధవి ఘుగ్గుస్ వెళ్లింది. వెంట ధనరాజ్ వెళ్లాడు. లారీల దుమ్ములో దిగి, అద్దం చూసుకోకుండానే ముఖానికి సన్‌స్క్రీన్ రాసుకుని, సాహెబు ముందు నిలబడింది. నౌకరీ దక్కింది. అంతకుముందు దినాలకు వెళ్లినప్పుడే వదిన ఆ క్యారేజీని కడిగి, నింపి, ఆమె చేతికే ఇచ్చేసింది. ఊరంతా అదే మాట: తిరుపతమ్మ వట్టి చేతులతో తిరుగుతున్నదట! రెండు రోజులు నాకూ ఇల్లు బోసిపోయినట్టే అనిపించింది. మూడో నాటికి మా అన్నే బజారుకు వెళ్లి కొత్త క్యారేజీ కొనుక్కువచ్చాడు. ఈసారిది అయిదు గిన్నెలది. వంటింటి అరుగు మీద పెట్టి దుకాణానికి వెళ్లిపోయాడు.

మాధవి ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక సాయంత్రం ఫోను వచ్చింది. వదిన స్పీకరు నొక్కింది. అవతల ఎవరో ఊపిరి అందక అవస్థ పడుతున్న చప్పుడు. వదిన ముఖం పాలిపోయింది.

"మాధవీ, ఏమైందే? ఏడుస్తున్నవా?"

"అత్తా... మా పెద్దక్లర్కు సారు... మరాఠాయన... నా టిఫినిల పొడి సూసి మేత్కూట్ అనుకున్నడు."

మేత్కూట్ అంటే మరాఠీవారు పప్పులు వేయించి దంచి, నెయ్యి వేసి అన్నంలో కలుపుకునే పచ్చని పొడి. నాకు తరువాయి అర్థమైంది.

"నేను వద్దు వద్దనంగనే నెయ్యేసి అన్నంల కలుపుకోని అంత తినేసిండత్తా!" అవతల నవ్వు ఆగడం లేదు. నెలన్నర తరువాత ఆ గొంతులో విన్న మొదటి నవ్వు అది. "తినుకుంట, బాగున్నది గని ఉప్పు తక్కువైందన్నడు."

వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తరువాత, వంటింటి అరుగు మీది అయిదో గిన్నె వంక చూస్తూ చాలా గంభీరంగా అన్నది:

"గాయనకు సెప్పు బిడ్డా, ఇంకో గిన్నె ఉప్పేసి పంపుతనని. నీది మాత్రం ఎవ్వలకియ్యకు."