బాపట్లలో వన్స్ మోర్

అబద్ధమాడందే నాకు ప్రయాణం సాగదు. ఆ వేసవిలో తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే ప్యాసింజరులో, ఎదురుగా కూర్చున్న పెద్దాయనతో నేను పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు వేసేవాణ్ణని చెప్పేశాను. ఎప్పుడో టీ కొట్టు దగ్గర విన్న ఎవరో నటుడి కథను నా పేరు మీదకు తిప్పేసుకున్నాను.

“బాపట్లలో ఒక్క పద్యానికి ఏడుసార్లు వన్స్ మోర్ అన్నారు బాబాయిగారూ! ఏడుసార్లూ పాడాను!”

ఆయన కిటికీలోంచి చూపు తిప్పాడు.

“మూడుసార్లేనండి. పాడింది నేను.”

ఆయన కోప్పడలేదు.

“ఆ వన్స్ మోర్‌లే నన్ను చెడగొట్టాయండి. మరుసటేడు రాజుగారి తండ్రి వేషం వెయ్యమన్నారు. జుట్టు నెరిసినా సరే, హీరో వేషమైతేనే వస్తానన్నాను. మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఒప్పుకునుంటే ఇవాళ్టికీ స్టేజీ మీదే ఉండేవాణ్ణి. ఇప్పుడు ఆ పద్యం విన్నవాళ్ళు కూడా ఎక్కడా కనపడరు.”

క్షమించమని అడగాల్సింది పోయి, “నేను విన్నాను బాబాయిగారూ, ముందు వరసలో కూర్చుని!” అనేశాను.

“నిజంగానా అండి?”

“నిజంగానే. ఏడుసార్లే. నేను లెక్కపెట్టాగా!”

రేపల్లెలో నాకంటే ముందు దిగి, ప్లాట్‌ఫారం మీద ఆగి, స్టేజీ మీంచి జనానికి పెట్టినట్టు నాకు దణ్ణం పెట్టాడు.

ఆనాడు బాపట్లలో నేను లేను. ఇన్నేళ్ళలో నేనాడిన అబద్ధాల్లో, నిజమై ఉంటే బాగుండేదనిపించేది అదొక్కటే.